కత్తి చేస్తనంటున్న మేనకోడలికి

బిడ్డా,

నీ చేతులతోని కత్తి చేస్తనంటున్నవని మీ అమ్మ చెప్పింది. సంబురమైంది, ఆ వెంటనే గుబులు కూడ పట్టుకుంది. కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పోయిన తెలంగాణ మనది. ఆ విద్య మన ఇంటి ఆడబిడ్డ చేతికొస్తదంటే ఎవరికి సంతోషం కాదు? కానీ నువ్వు తొందర మనిషివి. ఈ పనిల తొందర అస్సలు పనికిరాని చోటు ఒకటుంది. దాని కోసమే ఇంత పెద్ద ఉత్తరం.

ముందుగాల నిప్పు జాగ చూసుకో. ఇంట్ల పత్తి నిల్వ ఉన్నన్ని రోజులు పెరట్ల కొలిమి ముట్టియ్యకు. గాలి గడ్డివాము దిక్కు కొట్టే పూట కూడ వద్దు. చున్నీ తీసి లోపల పెట్టు, జడ ముడేసుకో, ఒంటి మీద నూలు బట్టలే ఉండాలె. కండ్లద్దాలు లేకుండ గ్రైండర్ జోలికి పోకు, దాని గార్డు ఎవరన్న విప్పి ఇస్తే తిరిగిచ్చెయ్యి. జింకు పూత ఉన్న పైపు కొలిమిల పెట్టకు, ఆ తెల్ల పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటది. కన్ను పోతే మళ్ల రాదు బిడ్డా, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

ఇంటి సలాకలతోని కత్తి కాదు. అండ్ల కార్బన్ తక్కువ, ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. హైవే మీద లారీ కమాన్లు, అంటే చక్రాల మీది స్ప్రింగు పట్టీలు, కట్టే షెడ్డుల కొత్త పట్టీ కోసినప్పుడు మిగిలిన ముక్క అడుగు. ఏండ్లకేండ్లు బరువు మోసిన పాత పట్టీల కంటికానని పగుళ్లుంటయి. పట్టీ మందంగ ఉంటది కాబట్టి కమ్మరి కొలిమి కాడ 4 మి.మీ. దాకా సాగగొట్టించుకో. ఆ పని నీ ఒక్కదానితోని కాదు, పైసలిచ్చి చేయించుకునుడు నామోషి కాదు. అటెన్క ఎర్రగ కాల్చి, పొడి బూడిదల పూడ్చి, తెల్లారేదాక కదిలియ్యకు. మెత్తబడుతది. లేకుంటే నీ ఆకురాయి పండ్లే అరుగుతయి.

అట్టముక్క మీద గీసుకో: అలుగు, అంటే కోసే భాగం, 4 అంగుళాలు, పిడి నాలుగున్నర, వెడల్పు అంగుళం. మొదటిది వంటింటి కత్తే కానీ. 9 అంగుళాలు దాటినయి, వంటకో వ్యవసాయానికో చేసినయి కాకుంటే, ఆయుధాల చట్టం కిందికొస్తయి.

ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తది, వెనుకకు వచ్చేటప్పుడు లేపు. సుద్దముక్క రుద్దితే ఇనుప పొడి పండ్లల్ల ఇరుకదు. అంచు మందానికి నడిమి గీత కోసం 4 మి.మీ. డ్రిల్ బిట్టును, ఇనుమును ఒకే చదును బల్ల మీద పడుకోబెట్టి, బిట్టు మొన తోని అంచు పొడుగూత గీకు. తిప్పి మళ్ల గీకు. రెండు గీతలు కలిస్తే నడుమ దొరికినట్టు. అంచును ఒక మి.మీ. మందం కన్న పల్చగ చెయ్యకు, పల్చని అంచు నూనెల వంకర పోతది. పిడి, అలుగు కలిసే మూల గుండ్రంగ ఉండాలె, కోసుగ ఉంటే పగులు అక్కడినుంచే మొదలైతది. పిడి మొలల తూట్లు 5 మి.మీ. బిట్టుతోని ఇప్పుడే వేసుకో. గట్టిపడినంక డ్రిల్లు దిగదు.

ఇగ అసలు సంగతి. మొదటిసారి చేసేటోళ్లు ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడ్నే. మిట్టమధ్యాహ్నం ఎండల కొలిమి పెడతరు. మన నల్లగొండ ఎండకు ఇనుము ఎంత ఎర్రగైనా మబ్బుగనే అగుపిస్తది. ఇంక కాలలేదనుకోని ఊదుడే ఊదుడు. నీడకు తెచ్చి చూస్తే నారింజ రంగు దాటి పసుపుకొచ్చి ఉంటది. అంత వేడికి ఉక్కు లోపలి పలుకులు పెద్దగై, పెళుసైతది. అట్ల కాలినదాన్ని తీసి నీళ్లల్ల ముంచుతరు, ఎందుకంటే గొడ్డలికి, కొడవలికి కొలిమి కాడ నీళ్లే చూసిండ్రు. వెనకటి కమ్మరోళ్లకు ఆ ఇనుము తీరు తెలుసు, ఎంతసేపు ముంచాల్నో, ఎప్పుడు బయటికి తియ్యాల్నో చెయ్యికే తెలిసేది. లారీ పట్టీ వేరే. అండ్ల వేరే లోహం కలిసి ఉంటది, నూనె చల్లదనానికే లోపలిదాక గట్టిపడుతది. నీళ్లల్ల పైపొర ముడుచుకున్నంత జల్ది లోపలిది ముడుచుకోదు. టిక్కుమని సన్నగ చప్పుడైతది, అంతే. తుడిచి పక్కన పెడితే, జర సేపటికి పగుల్ల దిగిన తడి అంచుకు అడ్డంగ నల్లటి వెంట్రుక గీతలెక్క బయటపడుతది. ఆ గీత కనపడినంక దాన్ని ఏ పనితోని బాగుచెయ్యలేం.

అందుకని పొద్దుగూకినంక, నీడల చెయ్యి. పాత స్పీకర్ల అయస్కాంతం తీసి కొలిమి పక్కన వేలాడగట్టు. ఉక్కు 770 డిగ్రీల కాడ అయస్కాంతాన్ని పట్టుడు మానేస్తది. ముందు మూడుసార్లు అక్కడిదాక కాల్చి, గాలికే నల్లబడనియ్యి, సుత్తె దెబ్బలకు పట్టిన బిగువు వదులుతది. నాలుగోసారి అయస్కాంతం వదిలినంక ఇంకొక్క రవ్వ రంగు పెరగనిచ్చి, ఆ రంగుల ఒక నిమిషం ఉంచి, నూనెల ముంచు. లోతైన ఇనుప డబ్బల 3 లీటర్ల పల్లి నూనె, 55 డిగ్రీల దాకా వెచ్చజేసింది. వెచ్చని నూనె పల్చగుండి వేడిని జల్ది గుంజుతది. వాడేసిన ఇంజనాయిల్ వద్దు, దాని పొగ మంచిది కాదు. మొన కిందికి, నిట్టనిలువుగ దించి, పైకి కిందికి ఆడియ్యి, పక్కలకు ఆడిస్తే వంగుతది. సగం బయట ఉంటే నూనె భగ్గుమంటది. డబ్బకు సరిపోయే మూత, పక్కన పొడి ఇసుక ఉండాలె. మంటొస్తే మూత వెయ్యి, నీళ్లు మాత్రం పొయ్యకు.

ఆకురాయి జారితే గట్టిపడినట్టు. అప్పుడు చానా పెళుసుగ ఉంటది, కింద పడేస్తే విరుగుతది. అదే పూట మెరిసేటట్టు రుద్ది, ఓవెన్ల 200 డిగ్రీలకు రెండు గంటలు, చల్లారినంక ఇంకో రెండు గంటలు పెట్టు. ఓవెన్ ముల్లును నమ్మకు, లోపల వేరే థర్మామీటర్ పెట్టు. లేత గడ్డి రంగొస్తే బాగుంది. నీలం వస్తే 300 దాకా పోయింది, మళ్ల మొదటి నుంచి కాల్చాలె.

ఇంక మిగిలింది చిన్న పని. కత్తిని వట్టి చేత్తోని పట్టుకొని గ్రైండర్ మీద రుద్దు, చెయ్యి కాలితే కత్తిని నీళ్లల్ల ముంచు. పిడికి ఎండిన నల్లతుమ్మ చాలు, పచ్చిదైతే ముడుచుకపోయి సందు పడుతది. ఆరల్డైట్ రెండు పాళ్లు సమానంగ కలిపి, ఇత్తడి మొలలు దించి, ఒక రోజు కదిలియ్యకు. అలుగుకు టేపు చుట్టకుండ పిడి పని మొదలుపెట్టకు, చేతులు ఎక్కువ తెగేది అప్పుడే. సానరాయి మీద వెన్నును 8, 9 మి.మీ. లేపి పదును పెట్టు. చింతపండు, నిమ్మకాయ తగిలితే వెంటనే కడిగి, తుడిచి, నూనె రాయి.

అసలు కత్తి ముంచే ముందు అదే పట్టీ ముక్కను ఒకదాన్ని ముంచి, బట్ట చుట్టి, వైసుల పెట్టి, కండ్లద్దాలతోని విరగ్గొట్టు. విరిగిన చోటు చక్కెర పలుకులెక్క మెరిస్తే ఎక్కువ కాల్చినవ్. బూడిద రంగుల సన్నగ, మెరుపు లేకుండ ఉంటే సరిగ్గ ఉన్నట్టు. ఆ విరిగిన మొఖం ఫోటో నాకు పంపు. నేను చూసి సరే అన్నంకనే కత్తిని కొలిమిల పెట్టు, బంగారూ.

నీ మేనమామ