అమెరికా దుకాణాలు జీడిపప్పు ఎవరి దగ్గర కొంటున్నాయో చూడొచ్చా?

మాకు పలాసలో జీడి యూనిట్ ఉంది, వాల్‌మార్ట్ లాంటి పెద్ద దుకాణాలకి పప్పు ఎక్కడి నుంచి వెళ్తోందో తెలుసుకోవడం ఎలా అని ఒకరు అడిగారు. తెలుసుకోవచ్చు, కానీ మన కస్టమ్స్ లెక్కల్లోంచి కాదు. ఫలానా వ్యాపారి ఫలానా సరుకు పంపాడని బయటపెట్టడం 2022 నుంచి ఇక్కడ నేరం (కస్టమ్స్ చట్టం 135ఏఏ). అమెరికాలో మాత్రం ఓడలో దిగిన సరుకు బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రసీదు) వివరాలు బహిరంగమే. ఇంపోర్ట్‌యేటి అనే సైట్లో ఉచితంగా చూడొచ్చు.

దుకాణం పేరు కొట్టి వెతక్కండి. కుర్చీలు, బట్టలు వస్తాయి, పప్పు రావడం అరుదు. పప్పు దింపుకునేది దిగుమతిదారో, వేయించి డబ్బాలకెత్తే ప్యాకరో. బిల్లు మీద వాళ్ల పేరే ఉంటుంది. 080132 (ఒలిచిన జీడిపప్పు కస్టమ్స్ కోడ్) అని వెతకడాన్నీ నమ్ముకోవద్దు, చాలా బిల్లుల్లో కోడే ఉండదు. సరుకు వివరణలో ‘క్యాష్యూ కెర్నెల్స్ డబ్ల్యూ320’ (డబ్ల్యూ320 అనేది గుండు పప్పులో ఒక గ్రేడు) అని ఇంగ్లీషులో వెతికితే అసలు కొనేవాళ్లు బయటపడతారు.

బిల్లులో 700 కార్టన్లు కనిపిస్తే అది 20 అడుగుల కంటైనర్ నిండా పప్పు: కార్టన్‌కి 50 పౌన్లు, అంటే 22.68 కిలోలు, మొత్తం నికరం 15,876 కిలోలు. బిల్లులో ఉండేది అట్టపెట్టెలతో కలిపిన బరువు కాబట్టి ఎక్కువే చూపిస్తుంది. లెక్క చెడేది ఇంకోచోట. ఒకే కంటైనర్‌కి ఓడ కంపెనీ ఇచ్చే మాస్టర్ బిల్లు, ఫార్వర్డర్ (సరుకు పంపే ఏజెంటు) ఇచ్చే హౌస్ బిల్లు రెండూ కనిపించవచ్చు. కంటైనర్ నంబరు (నాలుగు అక్షరాలు, ఏడంకెలు), ఓడ, తేదీ మూడూ కలిస్తే అది ఒక్క కంటైనరే.

లోడింగ్ పోర్టు కొలంబో అని ఉంటే శ్రీలంక పప్పు అనుకునేరు! విశాఖలో ఎక్కిన కంటైనర్ అక్కడ ఓడ మారి ఉండొచ్చు. ‘ప్లేస్ ఆఫ్ రిసీట్’ (సరుకు మొదట అప్పగించిన చోటు) గడి, షిప్పర్ (పంపినవారి) చిరునామా చూడండి. వియత్నాం పప్పు వెనక ఆఫ్రికా పిక్కలున్నా బిల్లు చెప్పదు. (మన కాశీబుగ్గ పప్పు సంగతీ అంతే కదా.)

ఒక కంపెనీ ఉన్నట్టుండి మాయమైతే కొనడం మానేసిందనుకోవద్దు. పేరు దాచమని అమెరికా కస్టమ్స్‌ని కోరవచ్చు, అది రెండేళ్లు చెల్లుతుంది. విమానంలో వెళ్లిన శాంపిళ్లు, ధరలు ఇందులో ఉండవు.

పప్పు అమ్ముతామని ప్యాకర్‌కి రాసేముందు మీ యూనిట్ ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ చూసుకోండి. సరిసంఖ్య సంవత్సరాల్లో అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 లోగా రెన్యూ చేయకపోతే రద్దయిపోతుంది.