ఇట్స్ ఫైన్ అన్నారని పొంగిపోకు

ఒరేయ్ చిన్నా,

రాత్రి ఫోన్‌లో నీ సంబరం చూసి నోరు మెదపలేదు గానీ, పొద్దున్నుంచి మనసు ఊరుకోక రాస్తున్నా. నీ రిపోర్ట్ చూసి లండన్ మేనేజర్ "ఇట్స్ ఫైన్" అన్నాడని మారతహళ్లి పీజీలో అందరికీ మైసూర్‌పాక్ పంచావట. అది మెచ్చుకోలు కాదురా అబ్బాయ్. బెంగళూరులో అడుగడుగునా వినపడే "పర్వాగిల్ల" ఉంది చూడు, మన ఫర్వాలేదు, అదే అది. పని గడుస్తుంది అన్నాడంతే.

"దిస్ ఈజ్ ఎ ఫైన్ రిపోర్ట్" అనుంటే మైసూర్‌పాక్ నేనే కొనిచ్చేవాణ్ణి. మాట ఒకటే, నామవాచకం ముందు కూర్చుంటే మంచి మెప్పు, "ఇట్స్" తర్వాత ఒంటరిగా పడితే చాలాసార్లు ఫర్వాలేదు. దీని మూలం లాటిన్‌లో ఫినిస్, అంటే ముగింపు. చివరిదాకా తీర్చిదిద్దినది కాబట్టి మేలైనది అయింది, అక్కణ్ణుంచి సన్ననిదీ నాజూకైనదీ అయింది. మన సన్నబియ్యం ఇంగ్లిష్‌లో ఫైన్ రైసే కదా. 22 క్యారెట్ల నగ మీద వేసే 916 కూడా ఫైన్‌నెస్ లెక్కే, వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమని. సిల్క్ బోర్డ్ దగ్గర సిగ్నల్ దాటితే కట్టే ఫైనూ ఆ ఫినిస్ బిడ్డే, తగాదా ముగించడానికి కట్టే సొమ్ము అన్నమాట.

నేనూ తక్కువ తినలేదులే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంగ్లిష్ ఆయన్ని కాఫీ కావాలా అనడిగితే "ఐయామ్ ఫైన్" అన్నాడు, బాగానే ఉన్నాడు కదా తాగుతాడులే అని తెప్పించి ముందు పెట్టా. పాపం మొహమాటానికి తాగాడు. అక్కడ ఫైన్ అంటే వద్దు అని!

ఇంకోటి, మెయిల్లో "ఐయామ్ వెరీ ఫైన్" అని రాయకు, వాళ్ల చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, వెరీ వెల్ అను. చాట్‌లో ఎవరైనా ఒక్క ఫైన్ రాసి పక్కన చుక్క పెట్టారంటే కాస్త జాగ్రత్త, మీ అత్త "సరే, మీ ఇష్టం" అన్నప్పుడు నేను పడే టెన్షన్ నీకు తెలుసుగా, అలాంటిదే కావచ్చు.

ఇప్పుడు పోయి "ఫైనేనా, గుడ్ కాదా" అని ఆయన్ని నిలదీయకు. ఇంకా ఎక్కడ మెరుగు పెట్టాలో చెప్పమని రెండు లైన్లు రాయి. మిగిలిన మైసూర్‌పాక్ ఆదివారం ఇటు పట్టుకురా.

మీ మామయ్య