జ్ఞానదంతం సంగతి తర్వాత, ముందు మీ నాన్నగారి పుండు చూపించండి

ప్రశ్న: నా వయసు 27. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కింద కుడివైపు చివరి పన్ను దగ్గర చిగురు ఈ ఏడాదిలో మూడుసార్లు వాచింది. యాంటీబయాటిక్స్ వాడితే తగ్గి, మళ్లీ వస్తోంది. ఎక్స్‌రే చూసి జ్ఞానదంతం అడ్డంగా ఉంది, ఆపరేషన్ చేసి తీయాలన్నారు. అనంతపురంలో ఉన్న అమ్మేమో దవడ పళ్లు పీకిస్తే కళ్లు దెబ్బతింటాయి, వద్దంటోంది. ఆపరేషన్ తప్పదా? ఇంకో మాట. నాన్నకు 56 ఏళ్లు, షుగర్ ఉంది. కదులుతున్న పన్ను ఒకటి పీకించుకుని నెల దాటినా అక్కడ పుండు మానలేదు. నొప్పి లేదు కాబట్టి ఫర్వాలేదంటున్నారు. అక్కడ ఎముకలో స్క్రూ బిగించి పెట్టే కృత్రిమ పన్ను, అదే ఇంప్లాంట్, పెట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ‘ఇంకో మాట’ అంటూ మీరు చివర్లో రాసిన దానితోనే మొదలుపెడతాను. పన్ను తీసిన గుంతను చిగురు మామూలుగా మూడు నాలుగు వారాల్లో కప్పేస్తుంది. షుగర్ అదుపులో లేకపోతే ఆలస్యం కావచ్చు. వేరు ముక్క లోపల మిగిలిపోయినా మానదు. ఎముకలు గట్టిపడటానికి వాడే కొన్ని ఇంజెక్షన్ల వల్ల కూడా ఇలా జరుగుతుంది. కానీ నన్ను ఆలోచింపజేసింది వేరే విషయం. ఆ పన్ను అసలెందుకు కదిలింది? చిగుళ్ల జబ్బయితే తరచూ పక్క పళ్లూ వదులవుతాయి. ఒక్కటే కదిలిందంటే, కింద ఎముకను గడ్డ ఏదైనా తినేస్తోందేమో చూడాలి. ఖైనీ, గుట్కా, వక్క అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. లేకపోయినా ఈ వారంలోనే చూపించండి.

క్యాన్సరే అని నేను అనడం లేదు. అయితే నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. అందుకే ‘నొప్పి లేదుగా’ అనే మాట వింటే మాకు టెన్షన్.

చేసే పరీక్ష చిన్నదే. ఎక్స్‌రే తీసి, అవసరమనుకుంటే పుండు అంచున మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కందిపప్పంత ముక్క తీస్తారు. పావుగంట పని, ఒకటి రెండు కుట్లు. రిపోర్టు సాధారణంగా వారం పది రోజుల్లో వస్తుంది. ‘కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది’ అని ఎవరైనా భయపెడితే నమ్మకండి. బెంగళూరులో విక్టోరియా హాస్పిటల్ దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ చూపించవచ్చు. రిపోర్టులో తేడా ఉంటే కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వచ్చేటప్పుడు ఆయన వాడే మందుల చీటీ, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బిఎ1సి రిపోర్టు తెచ్చుకోమనండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు.

ఇంప్లాంట్ మాట ఆ ముక్క రిపోర్టు వచ్చాకే. షుగర్ ఉన్నంత మాత్రాన కుదరదని కాదు, అదుపులో ఉండాలి. ఆ టైటానియం స్క్రూ ఎముకతో కలిసిపోవడానికి ఎలాగూ మూడు నెలలైనా పడుతుంది.

ఇక మీ పన్ను. ఒక్కసారి వాచి తగ్గిపోయి ఉంటే ‘చూద్దాం’ అనేవాణ్ని. మూడుసార్లయింది కాబట్టి తీయించుకోండి. పన్ను అడ్డంగా ఉంటే పైన చిగురు మూతలా సగం కప్పుతుంది. దాని కింద అన్నం మెతుకులు చేరతాయి, బ్రష్ అందదు. మందు చీమును తగ్గిస్తుంది, మూత అలాగే ఉంటుంది. ఇలాగే వదిలేస్తే ముందున్న మంచి పన్ను కూడా పిప్పిపడవచ్చు.

అమ్మగారి భయం మా పెద్దమ్మకూ ఉండేది. కంటిచూపు నరం వేరు, పళ్ల నరాలు వేరు. కాకపోతే అడగాల్సిన నరం ఒకటుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం జ్ఞానదంతం వేర్ల కిందుగా వెళ్తుంది. దానికి దెబ్బ తగిలితే పెదవి తిమ్మిరిగా ఉంటుంది. ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది, అరుదుగా ఉండిపోతుంది. మీ ఎక్స్‌రే ముందు పెట్టి ‘వేరు నరానికి ఎంత దగ్గరుంది?’ అని సర్జన్‌ను అడగండి. ఆనుకుని ఉన్నట్టు కనిపిస్తే స్కాన్ తీస్తారు. కొందరికి పన్ను పైభాగం మాత్రమే తీసి వేర్లు వదిలేస్తారు.

వాపు ఉన్నప్పుడు కాకుండా తగ్గాక చేయించుకోండి. చాలావరకు ఆ చోట మత్తిచ్చే చేస్తారు. చిగురు కోసి, పన్నును రెండు మూడు ముక్కలు చేసి తీసి, కుట్లు వేస్తారు. వాపు రెండో మూడో రోజు ఎక్కువవుతుంది, కంగారు పడకండి. దానికి తగ్గట్టు లీవు పెట్టుకోండి. ఆ రోజు ఉమ్మడం, స్ట్రాతో తాగడం వద్దు. సిగరెట్ అలవాటుంటే కనీసం వారం ముట్టుకోవద్దు. గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే మూడో రోజుకి చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది. అప్పుడు యాంటీబయాటిక్స్ కొనుక్కోకుండా సర్జన్ దగ్గరికే వెళ్లండి, గుంత కడిగి మందు పెడితే సర్దుకుంటుంది. తిండికి బెంగళూరులో లోటేముంది, మర్నాటి నుంచి గోరువెచ్చని రాగిముద్ద. నమలక్కర్లేదని అనంతపురం వాళ్లకు నేను చెప్పాలా!

ఈలోపు వాపు దవడ కిందికి, మెడలోకి దిగినా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా క్యాజువాలిటీకి వెళ్లిపోండి. లేదంటే నాన్నగారిని చూపించే రోజే మీ ఎక్స్‌రే కూడా సంచిలో పెట్టుకోండి. ఆయన పని అయ్యాక మీ పన్నుకు డేట్ తీసుకోవచ్చు.