ఇటలీ మాండలికాల చదువుకు బయలుదేరుతున్న అమ్మాయికి

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

పాదువా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రంలో సీటు వచ్చిందనీ, ఇటలీ మాండలికాల మీద పరిశోధన చేయాలని ఉందనీ నీవు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. వెళ్లేలోగా ఏమేమి చదువుకోవాలో చెప్పమన్నావు. పుస్తకాల సంగతి కొంత, ఆ పని మీద అక్కడ తిరిగిన రెండేళ్లలో నేను చేసిన పొరపాట్ల సంగతి కొంత రాస్తాను.

అన్నింటికంటే ముందు 'మాండలికం' అన్న మాటను మన అర్థంతో అక్కడికి మోసుకుపోవద్దు. శ్రీకాకుళం పలుకైనా, రాయలసీమ పలుకైనా, తెలంగాణ పలుకైనా ఒకే తెలుగు చెట్టు కొమ్మలు. ఇటలీలో 'దియలెత్తో' అని పిలిచేది ఇటాలియన్ నుంచి చీలిన కొమ్మ కాదు. నేపుల్స్ భాష, సిసిలీ భాష, వెనిస్ భాష నేరుగా లాటిన్ నుంచి పెరిగినవి; ఇటాలియన్‌కు తోబుట్టువులే గాని బిడ్డలు కావు. దాంతే, పెట్రార్క్, బొకాచియోల రచనల వల్ల గౌరవం పొందిన 14వ శతాబ్దపు ఫ్లోరెన్స్ పలుకుబడి కాలక్రమంలో దేశభాషగా నిలబడింది, అంతే. 1861లో దేశం ఏకమైన నాటికి ఇటాలియన్ మాట్లాడగలిగినవారు నూటికి ఇద్దరు ముగ్గురేనని భాషావేత్త తుల్లియో దె మౌరో లెక్కగట్టగా, పదిమంది దాకా ఉండవచ్చునని మరో భాషావేత్త అర్రీగో కాస్తెల్లాని వాదించాడు. ఏ లెక్క తీసుకున్నా మిగిలిన జనమంతా ఇంట్లో, పొలంలో, సంతలో మాట్లాడినది తమ ఊరి భాషనే. కాబట్టి ఏ మాట విన్నా 'ఇటాలియన్‌లోని ఫలానా మాట ఇలా మారింది' అని రాసుకోకు. లాటిన్ మాట ఏమిటో చూసి, అది ఫ్లోరెన్స్‌లో ఏ దారి పట్టింది, ఈ ఊళ్లో ఏ దారి పట్టింది అని విడివిడిగా రాసుకో. ఇందుకోసం లాటిన్ తప్పనిసరిగా నేర్చుకోవాలి. పాండిత్యం అక్కరలేదు గాని, అచ్చుల హ్రస్వదీర్ఘాలు మాత్రం కచ్చితంగా తెలిసి ఉండాలి.

ఉత్తరాది పలుకులను మిగిలినవాటి నుంచి వేరుచేస్తూ పండితులు పడమటి తీరంలోని లా స్పెజియా నుంచి తూర్పు తీరంలోని రిమిని దాకా ఒక గీత గీశారు; నీవు దిగబోయే పాదువా దానికి ఉత్తరాన ఉంది. ఆ గీత దాటగానే అచ్చుల మధ్య పరుషాలు సరళాలవుతాయి, ద్విత్వాలు విడిపోతాయి: ఇటాలియన్‌లో స్నేహితుడు 'అమీకో' అయితే అక్కడ 'అమీగో', పిల్లి 'గత్తో' అయితే అక్కడ 'గాతో'. మిలాన్ వైపు పోతే ఆ పిల్లి చివరి అచ్చును కూడా పోగొట్టుకుని 'గత్' అవుతుంది. మాటలు అచ్చుతో ముగుస్తాయని మన భాషను 'తూర్పు దేశపు ఇటాలియన్' అని మెచ్చుకుని మురిసిపోయే మనవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి, ఆ పోలిక మిలాన్‌లో చెల్లదు. తెలుగు చెవికి నిజమైన లాభం దక్షిణాన ఉంది. ఇటాలియన్‌లో 'బెల్లా' అనే మాటను సిసిలీవారు నాలుకను వెనక్కి మడిచి 'బెడ్డ' అంటారు, గుర్రాన్ని 'కవడ్డు' అంటారు. యూరప్ విద్యార్థులు నెలల తరబడి సాధన చేసే ఆ డకారం నీకు ఉగ్గుపాలతో వచ్చింది. అందగత్తెను బెడ్డ అంటున్నారని నవ్వు రాకుండా చూసుకుంటే చాలు.

ఇక నా పొరపాటు. దక్షిణాన సలెర్నో పట్టణం వెనుక కొండల్లోని ఒక పల్లెలో ఒక ముసలావిడ దగ్గర మూడు రోజులు కూర్చుని ప్రశ్నల పట్టిక నింపాను. నేను ఇటాలియన్‌లో అడిగాను, ఆవిడ మర్యాదగా ఇటాలియన్‌కు దగ్గరగా తెచ్చి జవాబిచ్చింది. 'నెల' ఏమిటంటే 'మేసె', 'నెలలు' ఏమిటంటే 'మేసి'. నాలుగో రోజు పక్కింటావిడతో మేక ఈనడానికి ఇంకెన్ని నెలలుందో చెబుతూ 'త్రె మీసె' అంది. ఆ చివరి అచ్చు మన లిపిలో రాయలేనంత నీరసమైన ధ్వని. ఏకవచనంలోనూ బహువచనంలోనూ అదే. తేడా అంతా మొదటి అచ్చులో ఉంది. ఒకప్పుడు చివర ఉండిన ఇకారం తాను అరిగిపోతూ ముందున్న ఏకారాన్ని ఈకారంగా లేపి పోయింది. ఎర్రని మగవాటికి 'రుస్సె', ఆడవాటికి 'రొస్సె' అనడం కూడా ఇలాంటిదే. పుస్తకంలో పదిసార్లు చదివిన సూత్రమే, అయినా నా పట్టికలో మూడు రోజుల పాటు దాని జాడ లేదు. అందువల్ల అనువాదం అడగకు. వస్తువు చూపించు, బొమ్మ చూపించు, ఇద్దరు మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చో. 'మేము మాట్లాడేది సరైన భాష కాదమ్మా' అని వాళ్లు సిగ్గుపడితే వాదించకు, వంట గురించో పశువుల గురించో అడుగు. రికార్డు చేసే ముందు మాత్రం అనుమతి తీసుకోవడం మరచిపోవద్దు.

చదవవలసిన వాటిలో మొదటిది కార్ల్ యాబెర్గ్, యాకోబ్ యూద్ 1928 నుంచి 1940 వరకు ఎనిమిది సంపుటాలుగా వెలువరించిన, ఏ ఊళ్లో ఏ మాట అంటారో చూపే భాషాపటాలు. పౌల్ షాయెర్‌మయర్, గెర్హార్డ్ రోల్ఫ్స్, మాక్స్ లియోపోల్డ్ వాగ్నర్ ఊరూరా తిరిగి సేకరించిన ఆ మాటలు వాటి పనిముట్లతో, వస్తువులతో కలిసి ఉంటాయి. మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ పదాలతో ఆరంభించిన మాండలిక వృత్తి పదకోశాన్ని ఒకసారి తిరగవేసి వెళ్తే ఆ పద్ధతి సులభంగా పట్టుబడుతుంది. అయితే ఆ పటాల్లో సాధారణంగా ఒక్కో ఊరికి ఒక్క మనిషే ఆధారం. పటం మీద కనిపించేది ఊరంతా అనుకోవద్దు.

ఇంకొక మాట. ఊరి భాష వేరు, ఆ ఊరివాళ్లు మాట్లాడే ఇటాలియన్ వేరు. పుచ్చకాయను ఉత్తరాన 'అంగూరియా' అనీ, రోమ్‌లో 'కొకోమెరో' అనీ అంటారు. ఇవి రెండూ ఇటాలియనే. మనం యాస అనేదానికి ఇదే దగ్గర. ఈ రెండు పొరలనూ ఒకే పట్టికలో కలిపితే తర్వాత విడదీయడం నీ తరం కాదు. 2015 నాటికి ఇంట్లో ప్రధానంగా మాండలికమే మాట్లాడేవారు అక్కడ దాదాపు 14 శాతమే, వారిలోనూ పెద్దవాళ్లే ఎక్కువ. కనుక సిద్ధాంతాలన్నీ పూర్తిచేసుకున్నాక పల్లెకు వెళ్దామని కూర్చోకు.

'ఇటలీ మాండలికాలు' అన్న శీర్షిక పరిశోధనకు మరీ పెద్దది. పాదువా చుట్టుపక్కల ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక్క అంశం చాలు. క్రియకు ముందు చేరే చిన్న సర్వనామాలు అక్కడ మంచి పంట, ఆ విశ్వవిద్యాలయంలో వాక్యనిర్మాణం మీద పనిచేసినవారూ ఉన్నారు. మొదటి సెలవుల్లో ఊరు ఎంచుకున్నాక, నీవు అడగదలచిన ప్రశ్నలను నాకు పంపు. ఇటాలియన్ వాక్యాలను అనువదించమని అడిగే ప్రశ్నలన్నీ కొట్టేసి తిరిగి పంపుతాను.

మీ పెదనాన్న