దర్శకుడు దాచలేదు, మనమే చూడలేదు

ప్రశ్న: 'ది సిక్స్త్ సెన్స్' సినిమాను ఈ మధ్య ఇంట్లో అందరం కలిసి చూశాము. చనిపోయినవాళ్లు కనిపిస్తున్నారనే పిల్లవాడికి వైద్యం చేయడానికి వచ్చిన డాక్టరే చనిపోయినవాడని చివర్లో తేల్చడం ప్రేక్షకులను మోసగించడం కాదా? "అన్నీ ముందే చూపించిండు, నువ్వే చూడలే అక్కా" అని మా తమ్ముడు వాదిస్తున్నాడు.
— ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: నేను మీ తమ్ముడి పక్షమే. 1999లో వచ్చిన ఈ సినిమాలో దర్శకుడు మనోజ్ నైట్ శ్యామలన్ (మన పుదుచ్చేరిలోని మాహేలో పుట్టి అమెరికాలో పెరిగినవాడు) ఎక్కడా అబద్ధం చూపించలేదు. పిల్లవాడు కోల్ ఇంటికి వచ్చేసరికి తల్లి, డాక్టరు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు గానీ వారి మధ్య ఒక్క మాటా వినిపించదు. అయినా అప్పటిదాకా పిల్లవాడి సంగతే మాట్లాడుకుని ఉంటారని మనంతట మనమే అనుకుంటాము. కొడుకు కోసం వచ్చిన డాక్టరును చాయ్ తాగమని కూడా అడగని తల్లి మన నల్లగొండ జిల్లాలో ఉంటుందా? అక్కడే మీకు అనుమానం రావలసింది! పెళ్లిరోజు భోజనానికి ఆలస్యంగా వచ్చిన డాక్టరు కుర్చీని జరపకుండానే కూర్చుంటాడు, బిల్లు అందుకోబోయేలోగా భార్య తీసుకుంటుంది, ఆమె అలిగిందని మనం సరిపెట్టుకుంటాము.

లోపమంటూ ఎంచితే, అంతకాలం పిల్లవాడు తప్ప ఎవరూ పలకరించకపోయినా డాక్టరుకు సందేహం కలగకపోవడమే. దానికీ దర్శకుడు ముందే సమాధానం పెట్టాడు: తాము పోయామని చనిపోయినవాళ్లకు తెలియదనీ, చూడాలనుకున్నదే చూస్తారనీ ఆసుపత్రి మంచం మీద నుంచి కోల్ చెబుతున్నప్పుడు కెమెరా డాక్టరు ముఖాన్నే పట్టి చూపిస్తుంది. ఈసారి చూసేటప్పుడు ఎరుపు రంగును కూడా గమనించండి, చనిపోయినవాళ్ల లోకం తగిలే చోట్ల అది కనిపిస్తుంది. నేలమాళిగ తలుపు పిడి, పుట్టినరోజు బెలూన్, కోల్ దాక్కునే గుడారం అన్నీ ఎర్రనివే.

ప్రశ్న: పదేళ్ల పిల్లలకు ఈ సినిమా చూపించవచ్చా?
— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: వద్దు. పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్త వహించాలని అమెరికాలోనే దీనికి సర్టిఫికెట్ ఇచ్చారు. రాత్రివేళ వంటింట్లో జరిగే సన్నివేశం పెద్దలనే ఉలిక్కిపడేలా చేస్తుంది. మీరు మాత్రం తప్పక చూడండి. ట్రాఫిక్‌లో ఆగిన కారులో, చనిపోయిన అమ్మమ్మ చెప్పిన మాటను కోల్ తల్లికి చేరవేసే ఘట్టంలో తల్లిగా టోనీ కొలెట్ నటన ఒక్కటే చాలు. ఆమెకూ, కోల్‌గా వేసిన పిల్లవాడు హేలీ జోయెల్ ఓస్మెంట్‌కూ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, అవార్డు మాత్రం ఇద్దరికీ దక్కలేదు.