సోలార్ కోర్సుకు అప్పు చేయమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసి, రెండేళ్లుగా ఊళ్లో బోరు మోటార్లు, ఇళ్ల వైరింగు పనులు చూసుకుంటున్నాడు. నలభై వేలు కడితే సోలార్ కోర్సు నేర్పి పెద్ద ప్లాంటులో ఉద్యోగం ఖాయంగా ఇప్పిస్తామని ఒక శిక్షణ సంస్థవారు అంటున్నారు. అప్పు చేసి కట్టమంటారా?
– ఒక రైతు, పరకాల

జవాబు: కట్టవద్దు. ఉద్యోగం ఖాయమన్న మాటను నమ్మి అప్పు చేయడం మంచిది కాదు. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు సుమారు 500 ఎకరాల్లో పరచుకొని ఉంది. అంతటి ప్లాంటు కట్టేటప్పుడు ఎంతోమంది అవసరమవుతారు కానీ, కట్టడం పూర్తయ్యాక దాన్ని చూసుకోవడానికి కొద్దిమందే చాలు. బాయిలర్లు, బొగ్గు మిల్లుల దగ్గర మూడు షిఫ్టులుగా మనుషులు నిలబడవలసిన అవసరం అక్కడ ఉండదు. రామగుండం, భూపాలపల్లి వైపు థర్మల్ కేంద్రాల కొలువులు చూసి పెరిగిన పిల్లలకు ఈ తేడా ముందే చెప్పాలి.

మీ అబ్బాయికి పని దొరికేది మీ చుట్టుపక్కల ఇళ్ల కప్పుల మీద. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి కప్పు మీద పెట్టుకునే 3 కిలోవాట్ల సోలార్ వ్యవస్థకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. పెట్టిన విక్రేత అయిదేళ్లు నిర్వహణ చూడాలి. పట్నంలో ఉన్న విక్రేత ప్రతి ఫిర్యాదుకూ పల్లెకు మనిషిని పంపలేడు కాబట్టి, మండలంలోనే పని తెలిసిన వాడు అతనికి కావాలి. మీ అబ్బాయి అలాంటి విక్రేతలను కలిసి, వారి దగ్గర కొన్ని నెలలు చేయి తిప్పుకోవడం ఏ సర్టిఫికెట్టుకన్నా మేలు.

అయితే మోటార్ల పని వచ్చు కదా అని నేరుగా కప్పెక్కడం ప్రమాదం. అతనికి అలవాటైనది ఏసీ కరెంటు, అంటే దిశ మారుతూ పారేది. ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో పారేది. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాకు దిగుతుంది కనుక వదులైన తీగ దగ్గర పుట్టిన మంట ఆరిపోవడానికి వీలుంటుంది. డీసీ అలా దిగదు కాబట్టి కనెక్టరు సరిగా బిగించకపోతే ఆ మంట కాలుతూనే ఉంటుంది. పైగా మెయిన్ స్విచ్చు ఆపినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల తీగల్లో వోల్టేజి ఉంటుంది. ఎర్తింగు, నడుముకు భద్రతా బెల్టు, కోతులు లాగకుండా తీగలను పైపుల్లోంచి తీసుకుపోవడం (మన జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు) కూడా అతను శ్రద్ధగా నేర్చుకోవాలి.

ఇందుకోసం జాతీయ సౌరశక్తి సంస్థ 2015లో మొదలుపెట్టిన సూర్యమిత్ర శిక్షణ ఉంది. సుమారు మూడు నెలల ఈ కోర్సును ఐటీఐ చదివినవారి కోసం ఉచితంగా నడిపారు. దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి, అలాంటి బ్యాచ్ ఎప్పుడు ఉందో కనుక్కోమనండి.

ప్రశ్న: మా మహిళా సంఘానికి సోలార్ ప్లాంటు వస్తుందంటున్నారు. మాలో ఎక్కువమంది పదో తరగతి కూడా చదవలేదు. అందులో మేం చేయగల పని ఉంటుందా?
– ఒక సంఘం సభ్యురాలు, ములుగు జిల్లా

జవాబు: తప్పకుండా ఉంటుందమ్మా. మహిళా సంఘాల ద్వారా 1000 మెగావాట్ల సోలార్ విద్యుత్తు ఉత్పత్తి చేయించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. రోజూ ఇన్వర్టరు (ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే పెట్టె) తెరపై కనిపించే యూనిట్లను పుస్తకంలో రాయడం, నిన్నటికన్నా బాగా తగ్గితే వెంటనే గుర్తించడం పొదుపు లెక్కలు రాసే మీకు కష్టమైన పని కాదు. ప్యానెళ్లను తెల్లవారుజామునే కడగాలి. కాగిన అద్దం మీద చన్నీళ్లు పడితే పగిలే ప్రమాదముంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్లటి పొర కట్టి దిగుబడి తగ్గుతుంది కనుక, నీటి సంగతి ముందే చూసుకోండి. తీగలు విప్పే పని మాత్రం శిక్షణ పొందినవారికే వదలండి. ప్లాంటు కట్టే కాంట్రాక్టరు వెళ్లిపోకముందే మీలో ఇద్దరికి ఈ పనులన్నీ దగ్గరుండి నేర్పాలన్న షరతును ఒప్పందంలో రాయించుకోండి. సంతకం అయ్యాక అడిగితే కుదరకపోవచ్చు.