నానబెట్టిన బియ్యం

తమ్ముడూ,

నీ మెయిలూ, దాంతోపాటు హాకీ జట్టు ఓటమి మీద రాసి పంపిన పదకొండు పేజీలూ చదివాను. మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. అందుకే జవాబు ఆలస్యమైంది. "మిమ్మల్ని అక్కా అనొచ్చా" అని అడిగావు. అను. మేడమ్ అంటే నాకు బ్యాంకు కౌంటర్ ముందు నిలబడ్డట్టుంటుంది.

నీ వ్యాసం 1967తో మొదలైంది. మన టొరంటో ఐస్ హాకీ జట్టు మేపుల్ లీఫ్స్ ఆఖరిసారి స్టాన్లీ కప్పు, అంటే లీగ్ ట్రోఫీ, ఎత్తిన ఏడాది, లీగ్‌లో ఇంకా ఆరే జట్లున్న రోజులు. అక్కడి నుంచి వరసగా చెప్పుకొచ్చావు. 2004 ప్లేఆఫ్స్‌లో ఒక సిరీస్, అంటే ఏడింట నాలుగు గెలవాల్సిన పోరు, గెలిచాక మళ్ళీ ఇంకోటి గెలవడానికి 2023 దాకా ఆగడం. 2021లో మాంట్రియల్ మీద 3–1తో ముందుండి కూడా ఇంటిదారి పట్టడం. ఒక్క బోస్టన్ చేతిలోనే 2013, 2018, 2019, 2024లో నాలుగుసార్లు, నాలుగుసార్లూ మొదటి రౌండ్‌లోనే, నాలుగుసార్లూ ఏడో మ్యాచ్‌లోనే ఓడిపోవడం. అన్నీ నిజాలే, ఒక్క తప్పూ దొర్లలేదు. కానీ ఈ ఊళ్ళో లీఫ్స్ గురించి ఎవరు రాసినా ఎత్తుకునేది ఇక్కడే. పెళ్ళి శుభలేఖ మీద శ్రీరస్తు శుభమస్తు ఉన్నట్టు, ఇదీ ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు, చూపు తిన్నగా ముహూర్తం దగ్గరికి పోతుంది. మొదటి మూడు పేజీలూ కొట్టేశాను.

1967 కావాలనే నీకుంటే ఇంకో దారిలో రా. నువ్వు రోజూ కాలేజీకి వెళ్తూ టిమ్ హార్టన్స్‌లో కాఫీ తాగుతావు కదా. ఆ టిమ్ హార్టన్ మనిషి పేరని ఎప్పుడైనా ఆలోచించావా? లీఫ్స్ డిఫెన్స్‌లో ఆడినవాడు, 1967లో కప్పు గెలిచిన జట్టులో ఉన్నవాడు. ఈ ఊరు తన ఆఖరి గెలుపుని రోజూ పొద్దున్నే అట్టకప్పులో పోసుకుని తాగుతోంది, మనవాళ్ళు కూడా డబుల్ డబుల్ (క్రీమూ చక్కెరా రెండేసి) అని చెప్పి మరీ తాగుతున్నారు. ఇది వాడుకుంటావో మానేస్తావో నీ ఇష్టం. నేనైతే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్ళిపోతాను.

ఇక నాలుగో పేజీ నుంచి ఆరో పేజీ దాకా. 2025 మే 18, ఆదివారం రాత్రి. ఏడో మ్యాచ్, సొంత గడ్డ మీద ఫ్లోరిడా చేతిలో 6–1. "గుండె పగిలింది" ఐదుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. "నగరం మూగబోయింది" రెండుసార్లు. మూగబోలేదు తమ్ముడూ. ఆ రాత్రి మా వీధి చివర ఒక పెద్దాయన కారు ఆపుకుని, అద్దం దించి, ఎవరితోనో ఫోన్‌లో ఇరవై నిమిషాలు తిట్టాడు. ఏ భాషో నాకు తెలీదు. తిట్లని మాత్రం తెలుస్తూనే ఉంది, మధ్యమధ్యలో ఆటగాళ్ళ పేర్లు కూడా వినబడ్డాయి. ఓడినవాళ్ళు నోరు మూసుకుని కూర్చుంటారని మనకి మనమే అనుకుంటాం. ఓడినవాళ్ళు మాట్లాడినంత గెలిచినవాళ్ళు మాట్లాడరు.

ఇప్పుడు ఏడో పేజీ. పైనుంచి నాలుగో లైను. "మొదటి పీరియడ్ అయ్యాక మా రూమ్మేట్ బిర్యానీకి బియ్యం నానబెట్టాడు."

దాని కింద రెండు గీతలు గీశాను. ఈ ఉత్తరమంతా ఆ లైను కోసమే రాస్తున్నాను.

ఎందుకో చెప్పాలంటే నా సొంత గొడవ కొంచెం చెప్పుకోవాలి. 2013 మే 13, సోమవారం. అదీ ఏడో మ్యాచే, బోస్టన్‌లో. 2004 తర్వాత లీఫ్స్ ప్లేఆఫ్స్‌కి రావడమే అప్పుడు మొదటిసారి. సిరీస్‌లో 3–1తో వెనకబడి, వరసగా రెండు గెలిచి 3–3 చేశారు. మూడో పీరియడ్, అంటే ఆటలో ఆఖరి ఇరవై నిమిషాలు, మొదలైన ఐదున్నర నిమిషాలకి మన కాద్రీ గోల్ కొట్టాడు. 4–1. మేం అప్పుడు టొరంటో పక్కన మిసిసాగాలో పదకొండో అంతస్తులో ఉండేవాళ్ళం. మా ఆయన సోఫాలోంచి లేచి, బాల్కనీ తలుపు తీసి, అవతలి బిల్డింగ్ కేకలు కాసేపు విని, లోపలికొచ్చి కాకినాడకి ఫోన్ కలిపాడు. అక్కడ పొద్దున్న ఆరున్నర దాటింది. మా మరిది పాలప్యాకెట్ కోసం వీధిలో ఉన్నాడు. అతనికి ఐస్ హాకీ అంటే ఏమిటో తెలీదు, మంచు మీద కూడా హాకీ ఆడతారా అని అంతకుముందోసారి అడిగాడు. అలాంటివాడికి ఫోన్ చేసి ఈయన, "గెలిచేశాంరా, అయిపోయింది" అన్నాడు.

ఇంకా పదిన్నర నిమిషాల ఆట ఉండగా 4–2 అయింది. ఫర్వాలేదనుకున్నాం. ఆఖర్లో బోస్టన్‌వాళ్ళు గోల్‌కీపర్‌ని బయటికి పిలిచేసి, అతని బదులు ఇంకో ఆటగాణ్ణి దించారు. సొంతింటి తలుపు బార్లా తీసిపెట్టి, పక్కింటి మీద పోట్లాటకి వెళ్ళినట్టు. 82 సెకన్లుండగా 4–3. 51 సెకన్లుండగా 4–4. మధ్యలో 31 సెకన్లు. మా ఆయన చేతిలో ఫోన్ ఇంకా అలాగే ఉంది, మరిది అవతల "హలో, హలో" అంటున్నాడు. ఓవర్‌టైమ్‌లో ముందు గోల్ కొట్టినవాళ్ళదే గెలుపు. అది ఆరు నిమిషాలు దాటాక బోస్టన్ ఆటగాడు బెర్జెరాన్ కొట్టాడు. నాలుగో గోలూ అతనిదే.

మూడో పీరియడ్‌లో మూడు గోల్స్ ఆధిక్యం ఉంచుకుని ఏడో మ్యాచ్ ఓడిన జట్టు ఆ లీగ్ చరిత్రలో అప్పటిదాకా లేదు. మర్నాడు నేను దాని మీద వ్యాసం రాసి ఒక పత్రికకి పంపాను. "ఆశనిరాశల ఊగిసలాట" అని పేరు పెట్టాను. వాళ్ళు వెయ్యలేదు, మంచిపని చేశారు. కొన్నేళ్ళ తర్వాత పాత ఫైల్స్‌లో అది దొరికితే చదువుకున్నాను. అందులో 1967 ఉంది, శాపం ఉంది, అభిమానుల కన్నీళ్ళున్నాయి. కాకినాడ ఫోన్ లేదు! నా కళ్ళముందు జరిగిన ఒక్క విషయమూ లేదు.

అసలు సంగతి ఆ ఫోనే. మా ఆయన ఇప్పటికీ లీఫ్స్ ఓడిపోయారని అనడు. "నేను ఫోన్ చేశాను" అంటాడు. చదువుకున్నవాడు, సివిల్ ఇంజినీరు. తన ఫోన్ వల్ల బోస్టన్‌లో గోల్ పడదని అతనికి తెలుసు, తెలిసీ అంటాడు. 2023లో ట్యాంపా మీద ఆరో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో టవారెస్ గోల్‌తో 2–1 గెలిచి, పంతొమ్మిదేళ్ళ తర్వాత ఒక సిరీస్ దాటారు చూడు, ఆ రాత్రి మూడో పీరియడ్‌లో మా అమ్మాయి ఫోన్ చేసింది. ఎత్తలేదు. నన్నూ ఎత్తనివ్వలేదు. అది ప్రసవానికి దగ్గరపడి ఉంది అప్పుడు. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని మాట్లాడాను.

నేను చెప్పదలుచుకున్నదల్లా ఇదే. అభిమాని బాధ 6–1 దగ్గర లేదు. స్కోరు ఇంకా బాగున్నప్పుడు వాడు నమ్మేశాడు చూడు, అక్కడుంది. నమ్మినందుకు వాడికి సిగ్గు. ఆ సిగ్గు పైకి చెప్పుకోలేడు, అందుకే కోచ్‌ని తిడతాడు. నువ్వు ఓటమిని వర్ణించడానికి మూడు పేజీలు ఖర్చుపెట్టావు, నమ్మకానికి ఒక్క లైను ఇచ్చావు. తిరగెయ్.

ఆ ఆదివారం మొదటి పీరియడ్ ఒకసారి గుర్తుచేసుకో. 0–0. మనవాళ్ళే దూకుడు మీదున్నారు. ఇంకో నలభై నిమిషాలు గట్టెక్కితే 2002 తర్వాత మొదటిసారి సెమీఫైనల్. సిరీస్ మొదట్లో 2–0తో ముందున్న జట్టు, మూడో మ్యాచ్‌లో కూడా 3–1 దాకా వెళ్ళి ఓవర్‌టైమ్‌లో పోగొట్టుకుంది. ఆ గోల్ కొట్టింది మార్షాండ్. 2013లో బోస్టన్ జట్టులో ఉన్న ఆ మార్షాండే, 2025 మార్చిలో ఫ్లోరిడాకి మారాడు. మా ఆయన టీవీలో అతని ముఖం కనబడగానే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు. ఇన్ని తెలిసీ మీ రూమ్మేట్ 0–0 దగ్గర బియ్యం కడిగాడు. పీరియడ్ల మధ్య విరామం పదిహేడు, పద్దెనిమిది నిమిషాలు. బాస్మతి నానడానికి అరగంట పడుతుంది. అంటే గిన్నెలో బియ్యం ఇంకా నానుతుండగానే రెండో పీరియడ్ మొదలై గోల్స్ పడటం మొదలైంది. ఆ పీరియడ్ అయ్యేసరికి 3–0. ఇంతకంటే నీకు ఇంకేం కావాలి?

అతను ఎన్ని గ్లాసులు పోశాడు? గది అద్దెని ఐదుగురు పంచుకుంటున్నామని రాశావు. ఐదుగురికి సరిపడా పోశాడా, ఎవరైనా వస్తారని ఎక్కువ పోశాడా? చికెన్ ముందే తెచ్చి పెరుగులో కలిపి పెట్టాడా? తెచ్చి ఉంటే అతను శనివారం నుంచే నమ్ముతున్నాడన్నమాట, కథ అక్కడి నుంచి మొదలవ్వాలి. ఇవన్నీ నువ్వు చూశావు. రాయలేదంతే. వంటింటి సంగతి సాహిత్యం కాదని నీకెవరు చెప్పారో గానీ, వాళ్ళ మాట వినకు.

మార్నర్ మీద నువ్వు రాసిన పేజీ గురించి కూడా ఒక మాట. లీఫ్స్ ఆటగాడు, ఈ ఊరి పక్కన పుట్టి పెరిగినవాడు, ఆ ఓటమి తర్వాత ఆ వేసవిలోనే లాస్ వెగాస్ జట్టుకి వెళ్ళిపోయాడు. "డబ్బు తీసుకుని చేతులెత్తేశాడు" అని రాశావు. అది అభిమాని మాట, తప్పులేదు. కానీ రాసేవాడి మాటగా రాశావు, అది తప్పు. అదే మాట మీ రూమ్మేట్ నోట పెట్టు, మంచం మీద పడుకుని సీలింగ్ చూస్తూ అన్నట్టు. వెంటనే దాని అర్థం మారిపోతుంది. 2018లో బోస్టన్‌తో ఏడో మ్యాచ్‌లో గార్డినర్ అనే లీఫ్స్ డిఫెన్స్ ఆటగాడు మంచు మీద ఉండగా ఐదు గోల్స్ పడ్డాయి. ఆట అయ్యాక విలేకరుల ముందు కళ్ళనీళ్ళు ఆపుకుంటూ తప్పు తనదేనన్నాడు. తర్వాతి సీజన్ మధ్యలో సొంత ప్రేక్షకులే పక్, అదే ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ, అతని దగ్గరికి వచ్చినప్పుడల్లా అరిచి గోల చేశారు. ఆ అరిచినవాళ్ళలో ఒకణ్ణి పట్టుకుని, ఆ రాత్రి ఇంటికెళ్ళి ఏం చేశాడో రాయగలిగితే, అప్పుడు నువ్వు నాకు వ్యాసం పంపక్కర్లేదు, నేనే అడిగి తెప్పించుకుంటాను.

మాటల సంగతి. నువ్వు "గోలీ" అని రాశావు. ఇక్కడ అలాగే అంటారు, నిజమే. కానీ మనవాళ్ళు గోలీ అనగానే గోళీకాయో, గోలీసోడానో, బీపీ మాత్రో అనుకుంటారు. గోల్‌కీపర్ అను. పక్‌ని పక్ అనే ఉంచు, "రబ్బరు బిళ్ళ" అని ఒక్కసారి చెప్పి వదిలెయ్. 2008 నుంచి ఇక్కడ పంజాబీలో హాకీ కామెంటరీ వస్తోంది, విన్నావా? వాళ్ళు పక్‌ని టిక్కీ అంటారు, ఆలూ టిక్కీలో టిక్కీ. విన్నప్పుడల్లా నాకు అసూయ. మనకి కామెంటరీ లేదు కాబట్టి మాటలు పుట్టలేదు. అలాగని నువ్వు కూర్చుని పుట్టించకు. "మంచుబంతాట" అని నువ్వు వాడిన మాట చూసి నవ్వొచ్చింది, పైగా అందులో బంతి లేదు కదా నాయనా.

ప్లేఆఫ్స్ అంటే వివరించక్కర్లేదు, ఐపీఎల్ పుణ్యమా అని మనవాళ్ళకి తెలుసు. తేడా మాత్రం చెప్పాలి. 2024 ఫైనల్లో సన్‌రైజర్స్ 113కి ఆలౌటైతే ఒక్క సాయంత్రంలో అయిపోయింది, అన్నం తిని పడుకున్నాం. ఇక్కడ ఏడింట నాలుగు గెలవాలి. ఒక్క సిరీస్ రెండు వారాలు నలుస్తుంది. రోజు విడిచి రోజు నమ్మాలి, రోజు విడిచి రోజు మానేయాలి. ఎనభైకి పైగా మ్యాచ్‌ల సీజన్ ఆడాక ఇది. అంతవరకే చెప్పు. 2023లో అహ్మదాబాద్‌లో మన వరల్డ్ కప్ ఫైనల్ ఓటమితో నువ్వు పోల్చిన పేరా తీసేశాను. అది చదవగానే పాఠకుడు ఆ రాత్రికి వెళ్ళిపోతాడు, మళ్ళీ నీ బేస్‌మెంట్‌కి తిరిగి రాడు.

"వచ్చే ఏడాది చూద్దాం" అనే మాటతో ముగించావు. ఇక్కడ అందరూ అనేదే, మా ఆయన కూడా అంటాడు, సాధారణంగా ఓడిన మూడో రోజున, పళ్ళు తోముకుంటూ. ముగింపుకి అది వద్దు. ఏం పెట్టాలో నాకూ తెలీదు, ఎందుకంటే అసలు జరిగింది నువ్వు నాకు చెప్పలేదు. మ్యాచ్ అయ్యేసరికి రాత్రి పది దాటి ఉంటుంది. ఐదుగురు ఆకలి మీదున్నారు, మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు, గిన్నెలో బియ్యం అప్పటికి గంటన్నరకి పైగా నాని ఉన్నాయి. ఎవరు లేచారు? వండారా, వండితే బిర్యానీయేనా, ఉత్త అన్నం వండుకుని పెరుగేసుకున్నారా, పొద్దున్న చూసుకుందామని ఫ్రిజ్‌లో పెట్టేశారా?

అది రాసి పంపు.

మీ అక్క
మిసిసాగా